సునామీ: ఒక జపాను మాట, దాని అర్థములు

ఇతర భాషలనుండి వచ్చి మన భాషలో కలిసిపోయిన మాటలు చాల కలవు. సబ్బు, తువాలు, బొత్తాము అనునవి పోర్చుగీసు వర్తకుల వెంట వచ్చినవి. రైలు, బస్సు, పోస్టు అనునవి ఇంగ్లీషువారి పాలనలో వచ్చినవి. ఇట్టి మాటలు సాధారణముగ ఒక వస్తువుతోపాటు వచ్చి, తరతరముల వాడుకలో నలిగి, మెల్లమెల్లగ మనవైపోవును. అట్లు గాక, కొద్ది దినములలోనే తెలుగునాట అందరి నోట వినవచ్చిన పరాయిమాట ఒకటి కలదు. అది ‘సునామీ’.

2004 డిసెంబరు 26వ తేది ఆదివారము. ఉదయము 6 గంటల 29 నిమిషములకు ఇండొనేషియాలోని సుమత్రా ద్వీపమునకు పడమట, సముద్రగర్భమున, 9.1 పరిమాణము గల భూకంపము సంభవించెను. సుమారు రెండున్నర గంటలకు దాని అలలు బంగాళాఖాతమును దాటి మన తూర్పుతీరమును తాకినవి. ఆనాడు బంగాళాఖాతమున తుఫాను లేదు. రేడియోలో ఎట్టి హెచ్చరికయు లేదు. హిందూ మహాసముద్రము చుట్టునున్న దేశములలో రెండు లక్షల ఇరువదివేలకు పైగా జనులు మరణించిరి. తమిళనాడులో నాగపట్టణము జిల్లా అన్నిటికంటె ఎక్కువగ నష్టపడినది. ఆంధ్రతీరమున నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

ఆ నీటిని కన్నులార చూచినవారికి దాని పేరు తెలియదు. కొందరు ఉప్పెన యనిరి. కొందరు సముద్రము పొంగినదనిరి. పత్రికలు రాకాసి అలలని వ్రాసినవి. చివరకు నిలిచినది జపాను మాట. ఆ మాట యెట్లు పుట్టినది? దాని అర్థమేమి? మన భాషలో ఉప్పెన అను మాట యుండగా పరాయిమాట యేల? పేరు తెలిసినంతమాత్రమున కలుగు మేలేమి? ఈ ప్రశ్నలకు క్రమముగ సమాధానములు చూతము.

రేవు, అల

సునామీ రెండు మాటల సమాసము. ‘త్సు’ యనగా రేవు. ‘నామి’ యనగా అల. రెండును కలిసి ‘రేవు అల’ యగును.

జపానువారు చీనా లిపినుండి గ్రహించిన గుర్తులతో తమ మాటలను వ్రాయుదురు. ఒక్కొక గుర్తు ఒక్కొక అర్థమును తెలుపును. సునామీని వ్రాయు రెండు గుర్తులకును ఎడమవైపున మూడు చిన్న గీతలుండును. అవి నీటిబొట్లకు చిహ్నము. నీటికి సంబంధించిన అనేక పదములలో ఇవి కన్పించును. అలను తెలుపు గుర్తులో కుడివైపున చర్మమను అర్థము గల గుర్తు కలదు. అది చేరినది ఉచ్చారణను సూచించుటకే యైనను, అలను ‘నీటి చర్మము’ అని ఊహించి విద్యార్థులు ఆ గుర్తును గుర్తుంచుకొనవచ్చును.

‘త్సు’ అను మాటకు సముద్రపు ఓడరేవని మాత్రమే అర్థము కాదు. పడవలు ఆగు చోటు, నది దాటు చోటు కూడ త్సుయే. మన ‘రేవు’ అను మాట సరిగ ఇట్టిదే. ఓడలకు రేవు కలదు, గోదావరి దాటుటకును రేవు కలదు. జపానులో మియె మండలమునకు ముఖ్యపట్టణము పేరు ‘త్సు’. బివా సరస్సు ఒడ్డుననున్న పట్టణము పేరు ‘ఓత్సు’, అనగా పెద్దరేవు. మన చీరాల యొద్ద ‘వాడరేవు’ ఎట్టిదో ఈ పేర్లు నట్టివే. ‘నుమాజు’ అను మరియొక పట్టణమున్నది. అది ‘నుమా’ (చిత్తడినేల), ‘త్సు’ అను రెండు మాటల కలయిక. సమాసములో రెండవ మాట మొదటి హల్లు మెత్తబడి ‘త్సు’ కాస్త ‘జు’ అయినది. కూర, కాయ కలిసినపుడు కూరగాయ యగుటను వ్యాకరణము చదివిన మన విద్యార్థు లెరుగుదురు. అట్టి మార్పే జపాను భాషలో కూడ నున్నది.

పలుకుట యెట్లు?

ఈ మాటలోని మొదటి ధ్వని ఇంగ్లీషువారికి కష్టము. వారి భాషలో మాట మొదట ‘త్స’ అను ధ్వని సామాన్యముగ రాదు. కావున చాలమంది తకారమును విడిచి ‘సునామి’ యని పలుకుదురు. మనకు ఈ మాట ఇంగ్లీషు ద్వారమున వచ్చినది గనుక మనమును ‘సు’ అనియే వ్రాయుచున్నాము.

కాని విచిత్రమేమనగా, ఆ ధ్వని తెలుగువారి నోట దినదినము పలుకుచునే యున్నది. చుక్క, చుట్టము, చలి అను మాటలను పలికి చూడుడు. ఇందలి చకారము ‘చీమ’, ‘చెట్టు’ అను మాటలలోని చకారము వంటిది కాదు. నాలుక కొన దంతముల మొదట తగిలి పలుకును. దీనినే వ్యాకరణవేత్తలు దంత్య చకారమనిరి. పూర్వము దీనికి ‘ౘ’ అని ప్రత్యేక లిపి యుండెను. జపాను ‘త్సు’ దాదాపు ఇదియే. ‘ౘునామి’ అని వ్రాసినచో జపానువారి పలుకుబడికి అతి సమీపముగ నుండును. చివరి ఇకారము కూడ వారి భాషలో హ్రస్వమే. మన వాడుక దానిని దీర్ఘము చేసినది. అయినను వాడుకలో స్థిరపడిన రూపమును ఇపుడు మార్చనక్కరలేదు. అసలు ధ్వని తెలిసియుండిన చాలును.

రేవు అల యని యేల పేరు పెట్టిరి?

ఈ పేరు విన్నవారికి ఒక సందేహము కలుగును. ఇంతటి ఘోరమైన అలకు సముద్రపు అలయనియో, భూకంపపు అలయనియో పేరు పెట్టక, రేవు అలయని యేల పెట్టిరి? అల పుట్టునది రేవులో కాదు గదా!

దీనికి జపానులో ప్రచారమందున్న వివరణ యిది. జాలరులు పడవలలో దూరముగ చేపలవేటకు పోవుదురు. వారు సముద్రము మీద నున్నపుడు విశేషమేమియు కానరాదు. పని ముగించుకొని తిరిగివచ్చి చూతురు గదా, తమ రేవు, ఇండ్లు, మనుష్యులు లేరు. తాము తిరిగిన సముద్రమున కన్పించని అల రేవులో మాత్రమే కన్పించినది. కావున అది రేవు అల.

ఇది కట్టుకథవలె తోచును. కాని ఇందలి శాస్త్రసత్యము గట్టిది. దానిని చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును.

గాలివలన పుట్టు సాధారణమైన అలలలో ఒక శిఖరమునకు మరియొక శిఖరమునకు నడుమ దూరము కొన్ని పదుల మీటర్లనుండి కొన్ని వందల మీటర్ల వరకు ఉండును. వాని కదలిక పైనీటికే పరిమితము. సునామీ అట్లు కాదు. భూకంపముచే సముద్రపు అడుగు ఒక్కసారిగ లేచినను, కృంగినను, దానిపైనున్న నీరంతయు అడుగునుండి ఉపరితలము వరకు కదలును. ఇట్లు పుట్టిన అలలో శిఖరముల నడుమ దూరము వందల కిలోమీటర్లుండును. ఒక శిఖరము తరువాత మరియొకటి వచ్చుటకు పది నిమిషములు మొదలు గంట వరకు పట్టును. నాలుగు కిలోమీటర్ల లోతు గల సముద్రము కూడ దీనికి ఒక పలుచని నీటిపొరతో సమానము.

ఇట్టి అల వేగము నీటి లోతును బట్టి యుండును. గురుత్వ త్వరణమును లోతుతో గుణించి, వచ్చినదానికి వర్గమూలము కట్టినచో వేగము వచ్చును. లోతు 4,000 మీటర్లు, గురుత్వ త్వరణము 9.8 అనుకొందము. గుణింపగా 39,200. దీని వర్గమూలము సుమారు 198. అనగా అల సెకనుకు 198 మీటర్లు, గంటకు 700 కిలోమీటర్లకు పైగా పోవును. ఇది విమానపు వేగము. లోతు 100 మీటర్లకు తగ్గిన చోట వేగము గంటకు సుమారు 113 కిలోమీటర్లు. లోతు 10 మీటర్లయిన చోట గంటకు సుమారు 36 కిలోమీటర్లు మాత్రమే.

అల తీరమును సమీపించు కొలది ముందరి భాగము నెమ్మదించును. వెనుక భాగము ఇంకను వేగముగ వచ్చుచుండును. ఇరుకు వంతెన యొద్ద బండ్లు ఒకదానివెనుక నొకటి క్రిక్కిరిసినట్లు నీరు క్రిక్కిరిసి పైకి లేచును. కావుననే నడిసముద్రమున ఒక మీటరు కూడ లేని అల తీరమున ఎన్నో మీటర్ల ఎత్తు లేవగలదు. 2004లో భూకంపము జరిగిన రెండు గంటలకు ‘జేసన్-1’ అను ఉపగ్రహము బంగాళాఖాతముమీదుగ పోవుచు ఆ అలను కొలిచినది. నడిసముద్రమున దాని ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు మాత్రమే! ఆ ఎత్తు వందల కిలోమీటర్ల పొడవున పరచుకొని యుండగా, దానిమీదనున్న పడవవానికి తన పడవ మెల్లగ లేచి మెల్లగ దిగినట్లు కూడ తెలియదు.

రేవులో జరుగు మరియొక విశేషమున్నది. పళ్లెములో నీరు పోసి ఒక లయతో ఊపిన, నీరు అంచులు దాటి చిందును. ప్రతి అఖాతమునకును అట్టి సహజమైన లయ యొకటి కలదు. వచ్చు అలల లయ దానితో కలిసినచో నీరు అఖాతములో మరింత ఎత్తు లేచును. పైగా జపాను ఈశాన్యమునందలి సన్‌రికు తీరము కొండల నడుమకు చొచ్చుకొనివచ్చిన అఖాతములతో నిండియున్నది. వెడల్పైన ముఖమునుండి ఇరుకైన కొసకు పోవుకొలది నీటికి పైకి పోవుట తప్ప వేరు దారి లేదు. ఆ కొసలయందే రేవులును, పల్లెలును ఉన్నవి. భౌతికశాస్త్రము తెలియని జాలరులు పెట్టిన పేరు భౌతికశాస్త్రమునకు సరిపోయినది.

ఈ సందర్భమున ప్రసిద్ధమైన ఒక చిత్రమును గూర్చి చెప్పవలసియున్నది. హొకుసాయి అను జపాను చిత్రకారుడు సుమారు 1831లో రూపొందించిన ముద్రణచిత్రములో పంజావలె ముందునకు వంగిన పెద్ద అల, దాని క్రింద పడవలు, దూరమున ఫ్యుజి పర్వతము కన్పించును. అనేక పుస్తకములలో దానిని సునామీ చిత్రముగ అచ్చువేయుచుందురు. అది పొరపాటు. ఆ చిత్రము జపాను పేరులో ‘నామి’ యున్నది కాని ‘త్సు’ లేదు; కనగావా తీరమునకు ఆవలి సముద్రము పేర్కొనబడినది. అది గాలికి లేచిన అల. సునామీ అను మాట అర్థము తెలిసినవాడు, నడిసముద్రమున ఇట్లు విరుచుకుపడు అల సునామీ కానేరదని చిత్రము చూచినంతనే చెప్పగలడు.

మాట చరిత్ర

1611 డిసెంబరు 2న సన్‌రికు తీరమును ఒక గొప్ప భూకంపము, దాని వెంట సముద్రము ముంచివేసినవి. ఆనాడు జపానును శాసించుచుండిన తొకుగావా ఇయెయాసు కొలువునకు సంబంధించిన ‘సుంపుకి’ అను దినచర్య గ్రంథములో ఈ వార్త కలదు. దాతె మసమునె అను ప్రభువు ఏలుబడిలోని తీరమున ఇండ్లు కొట్టుకొనిపోయినవనియు, 5,000 మంది మునిగి మరణించిరనియు, దీనిని లోకులు సునామీ యందురనియు అందున్నది. వ్రాతలో ఈ మాట కన్పించు మొదటి చోటు ఇదియేయని పండితులు చెప్పుదురు. ‘లోకులు అందురు’ అనుటను గమనింపవలెను. మాట అప్పటికే జనుల నోట నున్నది. లేఖకుడు దానిని విని వ్రాసికొనినాడు. ఇది పండితులు కల్పించిన పదము కాదు, తీరవాసుల పదము.

కొంతకాలము పండితులు ఈ మాటను వ్రాయుటకు చీనా గ్రంథములలోని వేరు గుర్తులను వాడిరి. ఆ గుర్తుల అర్థము ‘సముద్రపు గర్జన’. చీనావారు నేటికిని సునామీని ఆ పేరుతోనే పిలుచుదురు. జపానులో మాత్రము చివరకు పల్లెవాండ్ర ‘రేవు అల’ యే గెలిచినది.

ఈ మాట ప్రపంచమునకు తెలియుటకు కారణము మరియొక విపత్తు. 1896 జూన్ 15న సన్‌రికు తీరమున చాంద్రమానము ననుసరించి బాలుర పండుగ జరుగుచుండెను. సాయంకాలము ఏడున్నర గంటలకు భూమి కొంచెము కంపించినది. కంపము బలహీనముగ నుండుటచే ఎవ్వరును లక్ష్యపెట్టలేదు. అరగంట దాటినపిదప సముద్రము వచ్చి మీదపడినది. ఒకచోట నీరు 38 మీటర్ల ఎత్తు వరకు ఎక్కినది. సుమారు 22,000 మంది మరణించిరి. ఆ రాత్రి వేటకు పోయిన జాలరులకు సముద్రముమీద ఏమియు తెలియలేదు. ఉదయమున తిరిగివచ్చి తమ రేవులను చూచిరి. మాట పుట్టుకను గూర్చి చెప్పుకొను కథ కన్నులెదుట మరల జరిగినది.

అదే సంవత్సరము అమెరికా రచయిత్రి ఎలైజా సిడ్మోర్ ఈ ప్రమాదమును గూర్చి ‘నేషనల్ జియోగ్రఫిక్’ పత్రికలో వ్రాయుచు సునామీ అను మాటను వాడినది. మరుసటి సంవత్సరము, 1897లో, జపానులో స్థిరపడిన రచయిత లఫ్కాడియో హెర్న్ ఒక కథలో దానిని పాఠకులకు పరిచయము చేసెను. ఒక వృద్ధుడు సముద్రపు తీరు చూచి ప్రమాదమును గ్రహించి, కొండమీది తన వరికుప్పలకు నిప్పుపెట్టగా, మంటలార్పుటకు పైకి పరుగెత్తివచ్చిన ఊరివారందరు బ్రతికిరని ఆ కథ.

దీనికి మూలమైన సంగతి వాస్తవమే. 1854 డిసెంబరు 24న హిరో అను గ్రామమున జరిగినది. ఆ మనుష్యుడు హమగుచి గోర్యో. అతడు వృద్ధుడు కాడు, ముప్పదినాలుగేండ్లవాడు. అలలు వచ్చిన పిదప చీకటిలో దారి తెలియక తిరుగువారికి ఎత్తైన చోటు చూపుటకై వరిగడ్డి వాములను అంటించెను. అంతటితో నాగక, ఊరివారికి కూలియిచ్చి 600 మీటర్ల పొడవు, 5 మీటర్ల ఎత్తు గల గట్టును కట్టించెను. 1946లో మరల సునామీ వచ్చినపుడు ఆ గట్టు గ్రామములో అధికభాగమును కాపాడినది. జపాను పాత పంచాంగము ప్రకారము అతడు వాములు కాల్చినది పదునొకండవ నెల అయిదవ దినము. అందుచేతనే ఐక్యరాజ్యసమితి 2015లో నవంబరు 5ను ప్రపంచ సునామీ అవగాహన దినముగ నిర్ణయించినది.

1946 ఏప్రిల్ 1న అల్యూషను దీవుల భూకంపమువలన హవాయిలో 159 మంది మరణించిరి. దీనిపై 1949లో పసిఫిక్ మహాసముద్రమునకు హెచ్చరిక కేంద్రము ఏర్పడినది. 1960 మే 22న చిలీ దేశమున 9.5 పరిమాణము గల భూకంపము పుట్టగా, అల ఒక దినమునకు దగ్గరగ పయనించి జపానును తాకినది. ఒక దేశమున పుట్టినది మరియొక దేశమున చంపుచున్నపుడు అన్ని దేశములకు ఒక్కటే పేరుండుట అవసరమైనది. క్రమముగ శాస్త్రజ్ఞులందరు సునామీ అను మాటనే స్వీకరించిరి.

పోటు కాదు, ఉప్పెన కాదు

అంతకు పూర్వము ఇంగ్లీషులో దీనిని పోటు అల యనుచుండిరి. సముద్రపు ఆటుపోటులు చంద్రసూర్యుల ఆకర్షణవలన కలుగును. సునామీకి ఆ ఆకర్షణతో సంబంధము లేదు. 2004 డిసెంబరు 26 పౌర్ణమి దినమగుట కేవలము కాకతాళీయము. పౌర్ణమి పోటు సునామీని పుట్టింపదు.

ఉప్పెన సంగతి మనకు ముఖ్యము. ఉప్పెన తుఫానుతో వచ్చును. తుఫాను నడుమ వాయుపీడనము తగ్గుటచే సముద్రమట్టము కొంచెము లేచును. ఒక్కొక మిల్లీబారు తగ్గుదలకు ఒక సెంటీమీటరు చొప్పున అనుకొనవచ్చును. అంతకంటె ఎక్కువ పని గాలి చేయును. అది గంటల తరబడి నీటిని తీరమువైపు త్రోసి, లోతు తక్కువగల చోట గుట్టగ పోయును. 1864లో బందరును ముంచి సుమారు 30,000 మందిని చంపినది ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది జనులను తీసికొనిపోయినది ఉప్పెన. జపానువారు దీనిని సునామీ యనరు. ‘తకషియో’, అనగా ‘ఎత్తైన పోటు’ అందురు. 1959లో ఇసె అఖాతమున తకషియో వచ్చినపుడు 5,000 మంది మరణించిరి. రెండు ఆపదలకు వారికి రెండు మాటలున్నవి.

మనకు ఒక్క మాటయే యుండుటకు కారణము స్పష్టము. తరచుగ అనుభవించినదానికి భాషలో మాట పుట్టును. బంగాళాఖాతమున తుఫానులు తరచు. పెద్ద సునామీలు అరుదు. కావున తెలుగులో ఉప్పెన పుట్టినది, సునామీ పుట్టలేదు.

రెంటికి భేదము తెలియకున్నచో ప్రమాదము. ఉప్పెన వచ్చుటకు ముందు గాలి, వాన, మబ్బులు హెచ్చరించును. నేడు ఉపగ్రహములు తుఫానును దినముల ముందుగనే చూపును. సునామీ నిర్మలమైన ఆకాశము క్రింద రావచ్చును. వ్యవధి గంటలు, ఒక్కొకచోట నిమిషములే. ఉప్పెన ఒకసారి పొంగి తుఫానుతోపాటు తగ్గును. సునామీ అలలు ఒకదానివెనుక నొకటిగ గంటల తరబడి వచ్చును. మొదటిది చిన్నదై, రెండవదో మూడవదో పెద్దది కావచ్చును. మొదటి అల తగ్గగనే వస్తువుల కొరకు క్రిందికి దిగినవారు మరల రాలేదు.

పారిభాషిక పదముగ

2004 తరువాత తమిళులు దీనికి ‘ఆళిప్పేరలై’, అనగా ‘సముద్రపు పెద్ద అల’ అని స్వంత పదమును కల్పించుకొనిరి. మనము జపాను మాటనే యుంచుకొంటిమి. ఇది మన భాషకు కొరత యని కొందరు తలంతురు. కాని పరిశీలించి చూడుడు. ‘రేవు అల’ యని అనువదించినచో తెలుగువానికి ఏమియు బోధపడదు. ఉప్పెన యనినచో తప్పు బోధపడును. ఒక భావమునకు ఒకే మాట యుండుట, ఆ మాటకు మరియొక అర్థము లేకుండుట పారిభాషిక పదమునకు ముఖ్యలక్షణము. సునామీ ఆ పనిని చక్కగ చేయుచున్నది. ఉప్పెన తన అర్థమును తాను కాపాడుకొన్నది.

శాస్త్రములో నేడు దీని అర్థము కొంత విస్తరించినది. భూకంపము వలననే కాక, అగ్నిపర్వతము బ్రద్దలగుట వలన, కొండచరియ నీటిలో పడుట వలన పుట్టు అలలును సునామీలే. 1883లో క్రకటోవా అగ్నిపర్వతము పుట్టించినది అట్టిది.

జపాను భాషలో కూడ దీనికి ఇతర ప్రయోగములు కలవు. ‘యమ-త్సునామి’, అనగా ‘కొండ సునామీ’ యనునది సముద్రమునకు సంబంధించినదే కాదు. వానలకు కొండ కరిగి రాళ్లు, బురద ప్రవాహమై దిగుట. మన పత్రికలలో ఎన్నికల గెలుపు సునామీ, చలనచిత్రపు వసూళ్లు సునామీ. అలంకారముగ మాటలు వాడుట తప్పు కాదు. అయినను జపానులో జరిగిన ఒక సంగతి గమనింపదగినది. 2000లో అక్కడి ప్రసిద్ధ గాయకబృందమొకటి సునామీ అను పేరుతో పాడిన ప్రేమగీతము ఇంటింట వినబడినది. 2011 తరువాత రేడియోవారు దానిని ప్రసారము చేయుటకు సంకోచించిరి. మాట తన అసలు అర్థమును జ్ఞప్తికి తెచ్చినది.

మాట ప్రాణము కాపాడునా?

ఇక చివరి ప్రశ్న. 2004లో భూకంప కేంద్రమునకు అతి సమీపముననున్నది సిమెలువె అను ద్వీపము. కొద్ది నిమిషములలోనే అల దానిని తాకినది. అచట జనాభా సుమారు 78,000. మరణించినవారు ఏడుగురు! హెచ్చరిక యంత్రము లేదు, రేడియో వార్త లేదు. వారికున్నది ఒక్క మాట: ‘స్మోంగ్’. 1907లో అచట సునామీ వచ్చి అనేకులు మరణించిరి. బ్రతికినవారు ఆ మాటను కథలలో, జోలపాటలలో పిల్లలకు నేర్పిరి. భూమి గట్టిగ కంపించి, సముద్రము వెనుకకు పోయిన, అది స్మోంగ్, కొండకు పరుగెత్తుము. ఇంతే వారి శాస్త్రము. తొంబదియేడేండ్లకు అది పనికివచ్చినది.

జపానులో 2011 మార్చి 11న వచ్చిన సునామీలో మరణించినవారు, జాడ తెలియనివారు కలిసి 18,000 మందికి పైగానే. ఆనాటి మొదటి హెచ్చరికలో కొన్ని తీరములకు 3 మీటర్ల అల వచ్చునని యుండుటచే, తమ గట్లు చాలునని కొందరు కదలలేదు. దీనినుండి నేర్చుకొని 2013లో అచటి వాతావరణశాఖ హెచ్చరికలోని మాటలనే మార్చినది. మహా భూకంపమైనపుడు తొలి హెచ్చరికలో అంకెలు చెప్పదు. ‘మహత్తరమైన అల’ అని మాత్రము చెప్పును. అంకె కంటె మాట త్వరగ కదిలించునని వారు తెలిసికొనిరి.

అదే దినమున కమైషి నగరమందలి బడిపిల్లలు సుమారు 3,000 మందిలో దాదాపు అందరును బ్రతికిరి. వారికి ఉపాధ్యాయులు నేర్పినది సన్‌రికు తీరమునందలి పాతమాట ‘తెన్‌దెన్‌కో’. ఎవరికి వారు, ఎవరికొరకును ఆగక, ఎత్తునకు పరుగెత్తవలెనని దాని భావము. ఇది స్వార్థము కాదు. నా బిడ్డ తప్పక పరుగెత్తియుండునని తల్లియు, నా తల్లి పరుగెత్తియుండునని బిడ్డయు నమ్ముటకు ముందుగ చేసికొనిన ఒడంబడిక. ఆ నగరమున పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు పట్టుకొని కొండయెక్కిరి.

మనకును నేడు యంత్రసహాయము కలదు. హైదరాబాదునందలి సముద్ర సమాచార కేంద్రములో 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక విభాగము ప్రారంభమైనది. సముద్రగర్భమున నీటి ఒత్తిడిని కొలుచు సాధనములు, తీరముల యొద్ద పోటును కొలుచు సాధనములు అచటికి వార్తలు పంపును. కాని యంత్రమునుండి వచ్చిన మాట పల్లెలోని మనుష్యునకు చేరినపుడు అతనికి అర్థము కావలెను. అది చదువు చేయవలసిన పని.

తీరప్రాంతపు పాఠశాలలలోని ఉపాధ్యాయులు ఈ మాటను బోధించునపుడు మూడు సంగతులు చెప్పుట మంచిది. భూమి ఎక్కువసేపు కదలినచో, కదలిక మెల్లనిదైనను, తీరము విడువవలెను. 1896లో కదలిక మెల్లనిదే. సముద్రము వెనుకకు పోవుట ఒక గుర్తు, కాని అది తప్పక కన్పించునని నమ్మి నిలువరాదు. 2004లో థాయిలాండున నీరు మొదట వెనుకకు పోయినది, మన తూర్పుతీరమున మొదట పైకే వచ్చినది. ఒక అల పోయినంతమాత్రమున ఆపద పోయినదని తలంపరాదు; అధికారులు చెప్పువరకు ఎత్తుననే యుండవలెను.

జపాను జాలరి తిరిగివచ్చి, తన రేవులేని ఒడ్డున నిలిచి, ఆ అలకు పెట్టిన పేరు సునామీ. అతడు ఆ పేరును ఆలస్యముగ నేర్చెను. మన పిల్లలు దానిని ముందుగ నేర్తురు గాక.